పంతులు కావాలంటే ఎంత ఖర్చు? దత్తమండలాల నుంచి మెగా డీఎస్సీ దాకా

ఈ రోజు ఎపిసోడ్ రెండు అంకెలతో మొదలుపెడదాం. 2,645. ఇంకోటి 705.

2025 ఏప్రిల్‌లో మెగా డీఎస్సీ నోటిఫికేషన్ వచ్చింది కదా, 16,347 పోస్టులకి. అందులో ఉమ్మడి కర్నూలు జిల్లాకి వచ్చినవి 2,645. రాష్ట్రం మొత్తం మీద అదే ఎక్కువ. పక్కనే ఉన్న ఉమ్మడి కడప జిల్లాకి వచ్చినవి 705. రెండు జిల్లాల మధ్య ఒక నల్లమల కొండ, ఒక కేసీ కాలువ. రెండు చోట్లా అదే ఎండ, అదే శనగ చేను, అదే బీఈడీ పుస్తకాలు. కానీ ఆళ్లగడ్డలో పుట్టిన పిల్లకి, మైదుకూరులో పుట్టిన పిల్లకి ఉద్యోగం దొరికే అవకాశం ఒకటి కాదు. ఎందుకంటే ఈ పోస్టుల్లో నూటికి ఎనభై ఆ జిల్లా లోకల్ వాళ్లకే. 1975 రాష్ట్రపతి ఉత్తర్వుల నుంచి నడుస్తున్న పద్ధతి అది.

"బీఈడీ చేయొచ్చా, చేస్తే గిట్టుబాటు అవుతుందా" అని ఇంటర్ అయినోళ్లు, డిగ్రీ అయినోళ్లు అడుగుతా ఉంటారు. నేను కెరీర్ గైడెన్స్ చెప్పేవాణ్ణి కాదు, చరిత్ర చెప్పేవాణ్ణి. కాకపోతే ఈ ప్రశ్నకి మన సీమలో రెండు వందల ఏళ్ల చరిత్ర ఉంది. ఒక పంతులు తయారవడానికి అయ్యే ఖర్చు ఎవరు పెట్టుకోవాలి, పంతులయ్యాక ఎంత వస్తుంది అనేది మొట్టమొదట లెక్కేసి రాసిన పెద్దమనిషి మన పత్తికొండలోనే చచ్చిపోయాడు మరి.

సర్ థామస్ మన్రో. మన పెద్దోళ్ల నోట్లో మన్రోలప్ప. 1800లో నిజాం మన జిల్లాల్ని ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాడు. అందుకే దత్తమండలాలు అన్నారు. ఆ మండలాలకి ప్రిన్సిపల్ కలెక్టర్‌గా మన్రో 1807 దాకా ఉన్నాడు. రైత్వారీ, శిస్తు, ఆ కథ వేరే ఎపిసోడ్‌లో చూద్దాం. తర్వాత 1820లో మద్రాసు గవర్నరుగా వచ్చాడు. 1822 జూన్‌లో అన్ని జిల్లాల కలెక్టర్లకీ ఒక ఉత్తర్వు పంపాడు: మీ జిల్లాలో బడులు ఎన్ని, పిల్లలు ఎంతమంది, ఏ కులం వాళ్లు, ఏం చదువుతున్నారు, లెక్క రాసి పంపండి అని.

కడప జిల్లా నుంచి వచ్చిన లెక్క ఇది: బడులు 494, పిల్లలు 5,892. అంటే బడికి సగటున పన్నెండు మంది. బళ్ళారి నుంచి వచ్చింది 533 బడులు, 6,641 మంది. కర్నూలు లెక్క ఎక్కడుందంటారా? లేదు. కర్నూలు పట్నం, దాని చుట్టూ ఉన్న సీమ అప్పటికి నవాబు చేతిలో ఉంది. 1839లో గులాం రసూల్ ఖాన్‌ని దించేదాకా కంపెనీ అక్కడ నేరుగా లెక్క తీయలేదు. కాబట్టి కర్నూలు పంతులు ఎంత సంపాదించాడో మన్రో కాగితాల్లో దొరకదు.

అయితే పక్క జిల్లా పంతులు సంపాదన దొరుకుతుంది. బళ్ళారి కలెక్టర్ క్యాంప్‌బెల్ అనే ఆయన 1823లో పెద్ద రిపోర్టు పంపాడు. వాళ్ల బడుల్లో పిల్లవాడు చేరినప్పుడు నెలకి పావలా. కాగితం మీద రాయడం, పెద్ద లెక్కలు మొదలయ్యాక అర్ధ రూపాయి. ఇప్పుడు మీ ఫోన్‌లోనే కాలిక్యులేటర్ తీయండి. పన్నెండు మంది పిల్లలు, తలా పావలా అయితే మూడు రూపాయలు. అందరూ పెద్ద పిల్లలే అనుకున్నా ఆరు రూపాయలు. 1826 మార్చిలో మన్రో రాసిన మినిట్ చూస్తే, పంతుళ్ల సంపాదన నెలకి ఆరేడు రూపాయలు దాటదని, అంత తక్కువకి చదువుకున్నవాడు ఎవడూ ఈ పనికి రాడని సూటిగా రాశాడు. మన లెక్క, ఆయన లెక్క దగ్గర దగ్గరగానే వచ్చాయి, చూశారా.

అదే క్యాంప్‌బెల్ ఇంకో మాట కూడా రాశాడు. జిల్లాలో పది లక్షల దాకా జనం ఉంటే బడికి వెళ్లేది ఏడు వేల మంది కూడా లేరు, పేదరికం వల్ల పిల్లల్ని బడి మాన్పిస్తున్నారు అని. మన సీమలో పంతులు జీతం, వాన, పంట ఈ మూడూ ఒకే తాడుకి కట్టేసి ఉన్నాయి అప్పుడు. వాన పడకపోతే పావలా రాదు. పావలా రాకపోతే పంతులు ఇంకో ఊరు చూసుకుంటాడు.

మన్రో ఏం చేయాలన్నాడు? ప్రతి తహసీల్దారీలో ఒక సర్కారు బడి, పంతులుకి నెలకి 9 రూపాయలు. జిల్లా కేంద్రంలో పెద్ద బడి, పంతులుకి 15 రూపాయలు. దాని పైన పిల్లల ఫీజు వచ్చినంత వస్తుంది. అసలు విషయం ఏంటంటే, ఈ పంతుళ్లని మద్రాసులో సర్కారు ఖర్చుతో తయారు చేయాలన్నాడు. దానికోసం మద్రాసు స్కూల్ బుక్ సొసైటీకి నెలకి 700 రూపాయలు ఇవ్వమని రాశాడు. ఈ పాయింట్ కాస్త గుర్తుపెట్టుకోండి. మన ప్రాంతంలో టీచర్ ట్రైనింగ్ అనే ఆలోచన కాగితం మీదకి వచ్చిన మొదటి రోజున, ఫీజు కట్టాల్సింది నేర్చుకునేవాడు కాదు. కట్టింది సర్కారు.

మన్రో ఆ తర్వాత ఎక్కువ కాలం బతకలేదు. మద్రాసు వదిలి ఇంగ్లాండు పోయేముందు దత్తమండలాలు ఒకసారి చూసి పోదామని వచ్చి, 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో పోయాడు. ఆయన పెట్టిన తహసీల్దారీ బడులు కూడా ఎక్కువ కాలం నిలవలేదు, 1836లో ఎత్తేశారు. తొమ్మిది రూపాయలకి సరైన పంతులు దొరకలేదన్నది ఒక కారణం. నాకైతే ఇందులో ఆశ్చర్యం ఏమీ లేదు. ఆరు రూపాయలకి రానివాడు తొమ్మిదికి ఎగురుకుంటా వస్తాడా?

అదే రోజుల్లో కడపలో సి.పి. బ్రౌన్ ఉన్నాడు. 1820లో వచ్చాడు. పండితులకి జీతాలు ఇచ్చి వేమన పద్యాల తాళపత్రాలు వెతికించాడు. ఆయన కడపలో ఉచిత బడులు కూడా పెట్టాడని చాలామందికి తెలియదు. సొంత డబ్బుతో. అది ఒక మనిషి మంచితనం మీద నడిచిన బడి. మనిషి బదిలీ అయితే బడి సంగతేంటి?

పంతొమ్మిదో శతాబ్దం రెండో సగంలో మద్రాసు సర్కారు ఇంకో పద్ధతి పట్టుకుంది. రిజల్ట్స్ గ్రాంటు. ఇన్‌స్పెక్టరు వస్తాడు, పిల్లల్ని పరీక్ష చేస్తాడు, ఎంతమంది పాసైతే పంతులుకి అంత డబ్బు. అరుగు బడి పంతుళ్లకి ఇది ఒక ఆదాయం అయింది. ఇన్‌స్పెక్టరు వచ్చే రోజున పిల్లవాడికి జ్వరం వస్తే పంతులు ఇంట్లో పస్తు అన్నమాట. ఈ రోజు ప్రైవేటు స్కూళ్లలో "మీ సెక్షన్‌లో పర్సెంటేజ్ పడిపోయింది" అని టీచర్ జీతం కోసే పెద్దమనుషులు ఇదేదో తామే కనిపెట్టామనుకుంటారు.

మరి ట్రైనింగ్? మద్రాసు దగ్గర సైదాపేటలో టీచర్స్ కాలేజీ, 1856 నాటి నార్మల్ స్కూల్ నుంచి పెరిగింది. తెలుగు వాళ్లకి రాజమండ్రిలో 1894లో ట్రైనింగ్ కాలేజీ వచ్చింది. ఎల్‌.టి. అనేవారు ఆ డిగ్రీని. లైసెన్షియేట్ ఇన్ టీచింగ్. ఇప్పటి బీఈడీకి తాతలాంటిది. ఆ కాలపు ట్రైనింగు స్కూళ్లలో స్టైపెండు ఉండేది, దానికి బదులు చదివాక ఇన్నేళ్లు బడిలో పని చేస్తానని బాండు రాయించుకునేవాళ్లు. డబ్బు సర్కారుది, కాబట్టి మనిషి కూడా కొంతకాలం సర్కారుదే.

ఆ బంధం ఎంత గట్టిదో ఒక కర్నూలు కుర్రాడికి అర్థమైంది. గాడిచర్ల హరిసర్వోత్తమరావు. 1883లో కర్నూలులో పుట్టాడు. పేద ఇల్లు. కష్టపడి మద్రాసులో ఎం.ఏ. దాకా చదివాడు. ఆ రోజుల్లో ఎం.ఏ. చదివిన తెలుగువాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. తర్వాత టీచర్ ట్రైనింగ్ కోసం రాజమండ్రి వెళ్లాడు. లెక్క చాలా సూటిగా ఉంది: ఎం.ఏ. ఉంది, ఎల్‌.టి. వస్తే సర్కారు కొలువు, నెల నెలా జీతం, ఇల్లు నిలబడుతుంది.

1907 ఏప్రిల్‌లో బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి వచ్చాడు. వందేమాతరం ఉద్యమం రోజులు. ఊరంతా ఉపన్యాసాలు. విద్యార్థులు వందేమాతరం బ్యాడ్జీలు పెట్టుకుని కాలేజీకి వచ్చారు. ప్రిన్సిపల్ మార్క్ హంటర్ కుదరదన్నాడు. పిల్లలు వినలేదు. ముందు నిలబడ్డవాళ్లలో గాడిచర్ల ఒకడు. కాలేజీ నుంచి తీసేశారు. తీసేయడమే కాదు, సర్కారు ఉద్యోగానికి పనికిరాడని ముద్ర వేశారు. మరుసటి ఏడాది స్వరాజ్య పత్రికలో రాసిన దానికి మూడేళ్ల జైలు. ఆంధ్రలో మొదటి రాజకీయ ఖైదీ అని ఆయన్ని అంటారు.

ఈ కథని మనం దేశభక్తి పాఠంగానే వింటాం. నేను ఇంకో వైపు నుంచి చూడమంటున్నా. ఇరవై మూడేళ్ల వయసులో, కర్నూలులో పేద ఇల్లు వెనకాల పెట్టుకుని, చేతికి అందిన జీతాన్ని ఒక బ్యాడ్జీ కోసం వదిలేశాడు. ఆయన పోగొట్టుకున్నది ఒక ట్రైనింగు సర్టిఫికెట్టు. ఆ కాలంలో దాని విలువ ఎంతో తెలిస్తేనే ఆ త్యాగం ఎంత పెద్దదో అర్థం అవుతుంది. విచిత్రం చూడండి, ఆ ఎల్‌.టి. లేకుండానే ఆయన తర్వాత జీవితమంతా గ్రంథాలయాలు, వయోజన విద్య అంటూ తిరిగి, 1960లో పోయేదాకా పంతులు పనే చేశాడు.

ఇప్పుడు కాస్త ఫాస్ట్‌గా ముందుకి పోదాం. స్వాతంత్ర్యం వచ్చింది, బడులు పెరిగాయి. 1986 జాతీయ విద్యా విధానం తర్వాత జిల్లాకో డైట్ వచ్చింది. కర్నూలుకి బి.తాండ్రపాడులో, కడపకి రాయచోటిలో. ప్రభుత్వ డైట్‌లో సీటు అంటే పెద్దగా ఖర్చు లేదు, బయటికి రాగానే బడి కనపడేది. మా సీమలో టీటీసీ సీటు వచ్చిందంటే ఆ ఇంట్లో కరువు పోయినట్టే అనుకున్న తరం అది. ఒక్క కొడుకు టీచరైతే ఆ జీతం మీద ఇద్దరు చెల్లెళ్ల పెళ్లిళ్లు, ఒక బోరు, తమ్ముడి చదువు. సేద్యం మీద నమ్మకం లేని నేలలో ఒకటో తారీఖు జీతం అంటే అదొక కాలువ నీళ్లు.

కానీ సర్కారు అప్పుడే చవక దారులు వెతకడం మొదలుపెట్టింది. 1980లలో స్పెషల్ టీచర్లని తీసుకున్నారు, నెలకి 398 రూపాయలు ఫిక్స్‌డ్. మీ ఊళ్లో రిటైరైన సార్ ఎవరినైనా "398 టీచర్లు అంటే ఏంటి సార్" అని అడగండి. అరగంట చెప్తారు. ఆ కాలాన్ని సర్వీసులో కలపమని దశాబ్దాల పాటు తిరిగారు వాళ్లు. తర్వాత అప్రెంటిస్ పద్ధతి, డీఎస్సీ కొట్టినా కొన్నాళ్లు పూర్తి జీతం లేదు. తర్వాత విద్యా వాలంటీర్లు. పేరు మారుతుంది, ఆలోచన అదే.

ఇంకో మార్పు ఇంతకన్నా పెద్దది. 1995లో ఎన్‌సీటీఈ చట్టం అమల్లోకి వచ్చాక దేశమంతా ప్రైవేటు బీఈడీ, డీఎడ్ కాలేజీలు పుట్టుకొచ్చాయి. అంతకుముందు మన వైపు వాళ్లు సీటు దొరక్క కర్ణాటకకి పోయి చదివొచ్చేవాళ్లు. ఇప్పుడు ఇంటి పక్కనే కాలేజీ. 2008లో పులివెందులకి చెందిన ముఖ్యమంత్రి రాజశేఖర రెడ్డి హయాంలో ఫీజు రీయింబర్స్‌మెంట్ పెద్ద ఎత్తున వచ్చింది. పేద పిల్లలు చదివారు, అది కాదనలేం. అయితే ఒక్కటి గమనించండి. మన్రో కాగితంలో సర్కారు పంతుల్ని తయారు చేసి, కొలువు కూడా తానే ఇచ్చేది. ఎంతమందికి కొలువు ఉందో అంతమందినే తయారు చేసేది. ఇక్కడ ఆ ముడి తెగిపోయింది. సీట్లు ఒక లెక్కన పెరిగాయి, పోస్టులు ఇంకో లెక్కన.

అందుకే డిగ్రీ ఖర్చు కన్నా ఎదురుచూపు ఖర్చు పెద్దదైంది. 1998 డీఎస్సీ తెలుసు కదా. కటాఫ్ మార్కుల దగ్గర వచ్చిన వివాదంతో వేలమంది క్వాలిఫై అయ్యి కూడా ఉద్యోగం రాకుండా ఆగిపోయారు. వాళ్ల ఫైలు 2022లో కదిలింది. ఇరవై నాలుగేళ్లు! కొందరికి పోస్టింగు వచ్చేసరికి రిటైర్మెంట్ వయసు దగ్గరపడింది. 2008 డీఎస్సీలో ఎస్‌జీటీ పోస్టులు 30 శాతం డీఎడ్ వాళ్లకే అన్న నిర్ణయంతో బీఈడీ వాళ్లు నష్టపోయారు. వాళ్లలో 2,193 మందిని 2021లో తీసుకున్నారు, మినిమమ్ టైమ్ స్కేల్ 21,230 రూపాయల మీద, కాంట్రాక్టు కింద. ఇవన్నీ అలాంటి డిగ్రీలే. ఒకళ్ల చేతికి జీతం, ఇంకొకళ్ల చేతికి కోర్టు తేదీలు.

నోటిఫికేషన్ల తేదీలు వరసగా పెట్టి చూడండి: 2008, 2012, 2014, 2018, 2025. మధ్యలో 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులకి ఒకటి వచ్చింది, ప్రభుత్వం మారాక రద్దయింది. అంటే 2019లో బీఈడీ పూర్తి చేసిన పిల్ల పరీక్ష రాయడానికే ఆరేళ్లు ఆగింది. ఈ ఆరేళ్లు ఎట్లా బతకాలి?

ఒక లెక్క వేద్దాం, ఇది నేను ఊహించి వేస్తున్నదే. రెండేళ్ల కోర్సు, హాస్టల్, తర్వాత అవనిగడ్డలోనో నంద్యాలలోనో కోచింగు, రూము అద్దె, అన్నీ కలిపి లక్షన్నర అప్పు తెచ్చారనుకోండి. మన పల్లెల్లో నూటికి రెండు రూపాయల వడ్డీ మామూలు. నెలకి మూడు వేలు. ఏడాదికి ముప్పై ఆరు వేలు. ఆరేళ్లకి రెండు లక్షల పదహారు వేలు. అసలు అట్లే ఉంది! ఈలోగా ఊళ్లోని ప్రైవేటు స్కూల్లో తొమ్మిది వేలకి చేరారనుకుందాం, మూడో వంతు వడ్డీకే పోతుంది. పైగా ఆ తొమ్మిది వేలు కూడా గ్యారంటీ కాదు. కరోనా అప్పుడు చూశాం కదా, బడులు మూస్తే ప్రైవేటు టీచర్లు ఉపాధి పనికి పోయారు, కూరగాయలు అమ్మారు. తెలంగాణలో సర్కారే 2021 ఏప్రిల్‌లో నెలకి రెండు వేలు, 25 కిలోల బియ్యం ఇవ్వాల్సి వచ్చింది.

బ్యాంకు ఎడ్యుకేషన్ లోన్ తీసుకుంటే వడ్డీ తక్కువే. కానీ దాంట్లో ఒక మెలిక ఉంది. మామూలుగా చదువు కాలం, ఆ పైన ఒక ఏడాది దాకా కంతులు అడగరు. ఇంజనీరింగ్ వాళ్లని మనసులో పెట్టుకుని రాసిన రూలు లాంటిది అది: చదువు అయిపోతుంది, క్యాంపస్‌లో ఉద్యోగం వస్తుంది, కట్టేస్తారు. డీఎస్సీకి ఆరేళ్లు ఆగే టీచర్‌కి ఒక ఏడాది గడువు ఏ మూలకి? రీయింబర్స్‌మెంట్ మీద చదివినవాళ్లకి అప్పు ఉండదు అనుకుంటాం, బకాయిలు పడితే ఫీజు కడితేనే సర్టిఫికెట్ అనే కాలేజీలు ఉన్నాయి. అప్పుడు నాయన మళ్లీ వడ్డీ వ్యాపారి దగ్గరికే, లేకపోతే అమ్మ మెడలో గొలుసు బ్యాంకుకి.

మరి గెలిస్తే ఏమొస్తుంది? అది కూడా న్యాయంగా చెప్పాలి. 2022 పే స్కేళ్ల ప్రకారం ఎస్‌జీటీకి మూలవేతనం 32,670 దగ్గర మొదలు, స్కూల్ అసిస్టెంట్‌కి 44,570. డీఏ, హెచ్‌ఆర్‌ఏ పైన. సీమ పల్లెలో ఈ జీతం ఒక కుటుంబాన్ని నిలబెడుతుంది, ఇప్పటికీ. అందుకే 2025లో 16,347 పోస్టులకి 3.36 లక్షల మంది అప్లై చేశారు. పోస్టుకి ఇరవై మంది. ఒకరికి ఆ జీతం, పందొమ్మిది మందికి ఆ వడ్డీ. పందొమ్మిది మందీ తెలివిలేనివాళ్లు కాదు.

ఏ డిగ్రీ అనేది కూడా ఇప్పుడు పాత లెక్క కాదు. బీఈడీ చేస్తే చిన్న బడికీ పెద్ద బడికీ రెండింటికీ పనికొస్తుంది అనే మాట ఇంకా ఊళ్లలో వినపడుతోంది. 2018లో ఎన్‌సీటీఈ అట్లా అనుమతి ఇచ్చిన మాట నిజమే. 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఒకటి నుంచి ఐదు తరగతులకి డీఎల్‌ఎడ్ ఉండాల్సిందే. 2025 డీఎస్సీలో ఎస్‌జీటీ పోస్టులు 6,371. అంటే ఒక్క బీఈడీ మాత్రమే చేతిలో ఉన్నవాళ్లకి ఆ 6,371 తలుపులు మూసి ఉన్నాయి. పైగా బీఈడీ 2015 నుంచి రెండేళ్లు, ముందు ఒక్క ఏడాదే. 2020 విద్యా విధానం ఇంటర్ తర్వాత నాలుగేళ్ల ఇంటిగ్రేటెడ్ బీఈడీ వైపు పోదామంటోంది. ఇంటర్‌లో ఉన్న తమ్ముళ్లు, చెల్లెళ్లు దీన్ని ముందే చూసుకోవాలి.

ఇక ఆ 2,645, 705 సంగతి. కర్నూలుకి అన్ని పోస్టులు ఎందుకు మిగిలాయి? అదృష్టం కాదు. 2011 జనాభా లెక్కల్లో కర్నూలు జిల్లా అక్షరాస్యత అరవై శాతం దగ్గరే ఉంది, కడప అరవై ఏడు. ఆదోని, కోసిగి, ఆలూరు వైపు పోయి చూడండి. పంట పోగానే ఇంటికి తాళం వేసి పిల్లాజెల్లాతో గుంటూరు మిర్చి కోతకి పోతారు. బడిలో పేరు ఉంటుంది, పిల్ల ఉండదు. అక్కడికి వేసిన సార్లు, మేడమ్‌లు బదిలీ రాగానే పట్నం దగ్గరికి వచ్చేస్తారు. ఖాళీ మళ్లీ అట్లే. కర్నూలు పిల్లలకి ఉద్యోగ అవకాశంగా కనపడే ఆ 2,645, కోసిగి పిల్లలకి ఇన్నేళ్లు సారు లేని తరగతి.

కడప వాళ్లకి ఇంకో మాట. ఖాళీలు రిటైర్మెంట్ల మీద ఆధారపడతాయి. ఆంధ్రప్రదేశ్‌లో పదవీ విరమణ వయసు 2014లో 58 నుంచి 60కి పెరిగింది, 2022 మొదట్లో 62కి. పెంచిన ప్రతిసారీ దాదాపు రెండేళ్లు వయసు మీద దిగిపోయేవాళ్లు లేరు. కింద ఉన్నవాళ్లకి ఆ రెండేళ్లు వడ్డీ. 2024 నుంచి మళ్లీ రిటైర్మెంట్లు మొదలయ్యాయి. మీ జిల్లాలో, మీ సబ్జెక్టులో రాబోయే ఐదేళ్లలో ఎంతమంది సార్లు దిగిపోతున్నారో మండల విద్యాధికారి ఆఫీసులోనో, టీచర్ల సంఘం వాళ్ల దగ్గరో అడిగితే చెప్తారు. ఫిజికల్ సైన్స్‌కి ఒక లెక్క ఉంటుంది, సోషల్‌కి ఇంకో లెక్క, తెలుగు పండిట్‌కి మరో లెక్క. కాలేజీలో అడ్మిషన్ ఫారం నింపే ముందు ఆ కాగితం చూడండి.